రిపోర్టులో ప్రోటీన్ వేరు, పప్పులో ప్రోటీన్ వేరు

ప్రశ్న: మాది పొదిలి దగ్గర పల్లె. నాన్న పొగాకు రైతు. అమ్మకు 52 ఏళ్లు. ఎడమ రొమ్ములో గడ్డ తగిలితే ఒంగోలు తీసుకెళ్లాం. సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ అని వచ్చింది. రిపోర్టు కింద 'ఈ-క్యాడ్‌హెరిన్ పాజిటివ్, ఈఆర్ నెగటివ్, పీఆర్ నెగటివ్, హెర్2 త్రీ ప్లస్' అని ఉంది. వీటిలో కొన్ని కణం పైపొర మీద ఉండే ప్రోటీన్లనీ, క్యాన్సర్ కణాలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదలడంలో అలాంటి వాటి చెయ్యి ఉంటుందనీ ఫోన్లో చదివి ఇంట్లో చెప్పాను. ఆ రోజు నుంచి నాన్న అమ్మకు గుడ్డు, చేప, పప్పు మాన్పించాడు. ప్రోటీన్ అందకపోతే క్యాన్సర్ కదలదని ఆయన నమ్మకం. పెద్దమ్మేమో 'సూదితో గెలికారు, ఇంక ఒళ్లంతా పాకుద్ది' అని ఏడుస్తోంది. చెన్నై పోవాలా, ఇక్కడే చూపించాలా తేలక పన్నెండు రోజులైంది. అమ్మ గంజీ మజ్జిగన్నం తిని పడుకుంటోంది. ఆ ప్రోటీన్లు అసలేం చేస్తాయి? కణం కదలకుండా ఆపే మందేమైనా ఉందా? రేపు నాకూ వస్తుందా?

సమాధానం:

అమ్మాయీ, ముందు ఈ పూటే అమ్మకు ఒక ఉడికిన గుడ్డు పెట్టు. మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకో.

నాన్న మీద కోప్పడొద్దు. పప్పులో ఉండేదీ ప్రోటీనే, కణం మీద ఉండేదీ ప్రోటీనే అని మేమే చెప్తాం. తేడా మాత్రం చెప్పం. నేను నెల్లూరులో ముప్పై ఏళ్లకు పైగా పాథాలజీ చేశాను. కొత్తలో ఒకసారి మైపాడు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు, 'మీ ఆవిడ గడ్డలో ఒక ప్రోటీన్ ఎక్కువగా ఉంది' అని చెప్పి మళ్లీ మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. నెల తిరిగాక ఆమె సగం మనిషై వచ్చింది. సముద్రం పక్కనే ఇల్లు, నెల రోజులుగా చేప ముట్టలేదట. ఎవరు వద్దన్నారమ్మా అంటే, 'మీరేగా చెప్పింది' అన్నాడు ఆయన. అప్పటి నుంచి ఆ మాట ఒక్కదాన్నీ వివరం లేకుండా ఎవరి చేతిలోనూ పెట్టలేదు.

వివరం ఇది. అమ్మ తిన్న గుడ్డు కడుపులో అరిగి అమైనో ఆమ్లాలనే చిన్న చిన్న ముక్కలవుతుంది. పాత ఇల్లు పడగొడితే వచ్చే ఇటుకల్లాంటివి అవి. ఆ ఇటుకలతో ఎక్కడ ఏం కట్టాలో చెప్పేది కణంలోని జన్యువులు. గుడ్డులోని ప్రోటీన్ గుడ్డు ప్రోటీన్‌గానే వెళ్లి రొమ్ము కణానికి అతుక్కోవడం జరగదు. అమ్మ గడ్డలో హెర్2 ఎక్కువైందంటే, సాధారణంగా దానికి కారణం ఆ కణాల్లో హెర్2 జన్యువు నకళ్లు పెరిగిపోవడం. మామూలు కణంలో రెండు ప్రతులుంటాయి. ఇక్కడ అంతకు ఎన్నో రెట్లు. దాంతో కణం మీద వేలల్లో ఉండాల్సిన హెర్2లు లక్షల్లో మొలుస్తాయి. నువ్వు పప్పు మాన్పిస్తే ఆ నకళ్లు తగ్గవు. గడ్డ పస్తు పడుకోదు, పస్తు పడుకునేది అమ్మ కండలు. రేపు కీమో మొదలైతే రక్తకణాలు మళ్లీ తయారవ్వాలన్నా, నోటి పొక్కులు మానాలన్నా ప్రోటీన్ కావాలి. అమ్మకు కిడ్నీ జబ్బు లేకపోతే గుడ్డు, పప్పు, పెరుగు, చేపల పులుసు అన్నీ పెట్టు. కీమో రోజుల్లో బాగా ఉడికినవే పెట్టాలి, అంతే.

ఇక నడక సంగతి. దీన్ని కొంచెం సాగదీసి చెప్తాను, నువ్వు అడిగిన మూడు ప్రశ్నల్లో రెండింటికి జవాబు ఇందులోనే ఉంది.

మీ ఊళ్లో కల్లు గీసేవాళ్లు తాటిచెట్టు ఎక్కడం చూసే ఉంటావు. నడుమునూ చెట్టునూ కలిపి మోకు వేసుకుంటారు. మోకును పైకి జరిపి బిగిస్తారు, దాని మీద బరువాన్చి కాళ్లు పైకి లాక్కుంటారు, మళ్లీ మోకు సడలిస్తారు. శరీరంలో కణం పాకేదీ ఇంచుమించు ఇలాగే. ముందువైపు ఒక పల్చటి రెక్కలాంటిది చాస్తుంది. కణాల మధ్య కొల్లాజెన్, ఫైబ్రోనెక్టిన్ లాంటి పీచులు అల్లుకుని ఉంటాయి, వాటిని ఆ రెక్క మీదున్న ప్రోటీన్లు పట్టుకుంటాయి. లోపలున్న సన్నటి తాళ్లు బిగుసుకుని ఒంటిని ముందుకు లాగుతాయి. వెనక పట్టు వదులుతుంది. బయట పీచును పట్టుకుని, లోపల ఆ తాళ్లతో ముడిపడి ఉండే ఈ ప్రోటీన్ల పేరు ఇంటెగ్రిన్లు. మనిషిలో 24 రకాలున్నాయి. ఏ రకం ఏ పీచును పట్టుకుంటుందో దానికో లెక్క ఉంది.

ఇందులో నాకు ఎప్పటికీ పాతబడని సంగతి ఒకటుంది. పట్టు ఎంత గట్టిగా ఉంటే నడక అంత వేగం అనుకుంటాం కదా. కాదు. మోకు చెట్టుకు బిగుసుకుపోతే మనిషి ఎక్కలేడు, మరీ వదులైతే జారిపడతాడు. 1997లో కణాల మీదే కొలిచి చూపించారు: పట్టు మధ్యస్థంగా ఉన్నప్పుడే కణం వేగంగా కదులుతుంది. అందుకే 'ఫలానా ప్రోటీన్ ఎక్కువ, కాబట్టి ఎక్కువ పాకుతుంది' అని ఒక్క ముక్కలో తేల్చేవాళ్లను చూస్తే నాకు అనుమానం. కొన్ని కణాల పొర మీద కత్తెర పని చేసే ప్రోటీన్లు కూడా ఉంటాయి. దారికడ్డమొచ్చిన పీచును కోసుకుంటూ పోతాయి. ఇంత చేసినా ఆ నడక గంటకు మిల్లీమీటరులో చిన్న భాగమే. నువ్వు రాత్రి నిద్రపోతే తెల్లారేసరికి ఒళ్లంతా పాకే సరుకు కాదది.

ఈ-క్యాడ్‌హెరిన్ పని దీనికి వేరు. అది పీచును కాదు, పక్క కణాన్ని పట్టుకుంటుంది. ఈ కణం ఈ-క్యాడ్‌హెరిన్, ఆ కణం ఈ-క్యాడ్‌హెరిన్ చేయీ చేయీ కలుపుకున్నట్టు అల్లుకుంటాయి. ఆ పట్టు నిలవాలంటే మధ్యలో క్యాల్షియం ఉండాలి. (నాన్న ఇది విని క్యాల్షియం మాత్రలు తెస్తాడేమో. అక్కర్లేదని చెప్పు. కణాల మధ్య ద్రవంలో దానికి సరిపడా ఉంటుంది.) స్లైడుకు రంగు వేసి చూస్తే ఈ-క్యాడ్‌హెరిన్ ఉన్న గడ్డలో ప్రతి కణం చుట్టూ గోధుమ రంగు గీత కనిపిస్తుంది, చేపల వల కళ్లలాగా. అది పోయిన గడ్డల్లో కణాలు విడివిడిగా, చీమల బారులాగా ఒకదాని వెనక ఒకటి నడుస్తూ ఉంటాయి. దాన్ని లోబ్యులర్ రకం అంటాం. మామూలుగా ఎక్కువగా చూసేది డక్టల్ రకం. స్లైడులో ఏది డక్టల్, ఏది లోబ్యులర్ అని తేల్చుకోవడానికి వేసే పరీక్షల్లో ఇదొకటి. అమ్మకు పాజిటివ్ అంటే ముఖ్యంగా ఆ రకం తేల్చే సమాచారం. అది మంచి వార్తా కాదు, చెడ్డ వార్తా కాదు.

చెయ్యి వదిలిన కణమే పారిపోతుందని మేమూ చాలాకాలం పాఠంలా చెప్పుకున్నాం. కొంతవరకు నిజమే. కానీ ఈ-క్యాడ్‌హెరిన్ ఉన్న డక్టల్ గడ్డలు కూడా వేరే అవయవాలకు పోతాయి. చేతులు పట్టుకునే గుంపుగా బయల్దేరతాయి. 2019లో ఎలుకల మీద చేసిన పనిలో ఇంకో వింత బయటపడింది. ఈ-క్యాడ్‌హెరిన్ తీసేస్తే కణాలు చుట్టుపక్కలకు ఎక్కువగా చొచ్చుకుపోయాయి గానీ, దారిలో ఎక్కువగా చచ్చిపోయి దూరాన కొత్త గడ్డలు తక్కువ పెట్టాయి. అంటే బయటికి నడవడం వేరు, పోయిన చోట బతకడం వేరు. అది చదివిన రోజు నేను చెప్పిన పాత పాఠాలు తలుచుకుని కాస్త సిగ్గుపడ్డాను.

హెర్2 మూడో తీరు. అది చెయ్యీ కాదు, కాలూ కాదు. బయటి కబురు లోపలికి చేరవేసే గంటలాంటిది. పక్కనున్న జత ప్రోటీన్‌తో కలిసి 'పెరుగు, విడిపో, కదులు' అని లోపలికి సంకేతం పంపుతుంది. లక్షల గంటలు మొలిచాక మోగించేవాళ్లు లేకపోయినా వాటంతటవే మోగుతుంటాయి. 1987లో అమెరికాలో డెన్నిస్ స్లామన్ బృందం ఈ జన్యువు నకళ్లు ఎక్కువున్న ఆడవాళ్లకు జబ్బు త్వరగా తిరగబెడుతోందని చూపించింది. అప్పట్లో అది చెడు కబురే. కానీ కణం బయటికి పొడుచుకొచ్చి ఉన్నది కాబట్టే దాన్ని బయటి నుంచి పట్టుకోవచ్చు. హార్మోన్లను అందుకునే ప్రోటీన్లయిన ఈఆర్, పీఆర్ అలా కాదు, మేము రంగు వేసి చూసేవి కణం లోపల కేంద్రకంలో ఉంటాయి. హెర్2ను పట్టుకునే యాంటీబాడీ మందు ట్రాస్టుజుమాబ్. 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. కీమోతో పాటు అది ఇస్తే తొలిదశలో జబ్బు తిరగబెట్టే ముప్పు దాదాపు సగానికి తగ్గిందని 2005లో వచ్చిన పెద్ద ట్రయల్స్‌లో తేలింది. రొమ్ము క్యాన్సర్లలో నూటికి 15 నుంచి 20 మందికి హెర్2 పాజిటివ్ వస్తుంది.

కాబట్టి రిపోర్టులో ఆ లైను చూసి మీరు ఏడుస్తున్నారు గానీ, డాక్టరు దాన్ని చూసి ఏ మందు వాడాలో తెలిసిందనుకుంటాడు. త్రీ ప్లస్ అంటే రంగు పరీక్షలో తేటగా పాజిటివ్. టూ ప్లస్ వస్తే ఫిష్ అనే ఇంకో పరీక్ష చేయించాలి, మీకు ఆ అవసరం లేదు. (పేరు ఫిష్షే. నాన్నకు ఇది మాత్రం చెప్పకు, మళ్లీ చేప మాన్పిస్తాడు.)

పెద్దమ్మ మాటకొద్దాం. ఆమెకు ఆ భయం ఊరికే రాలేదు. మన పల్లెల్లో ఒకప్పుడు గడ్డ పుండై రసి కారేదాకా ఆస్పత్రికి వచ్చేవాళ్లు కాదు. వచ్చేనాటికే అది కాలేయానికో, ఎముకకో చేరి ఉండేది. ఆపరేషన్ అయిన ఆరు నెలలకు మనిషి పోతే కత్తి తగిలి పాకిందనుకున్నారు. సూది గుచ్చినప్పుడు ఆ దారిలో కొన్ని కణాలు జారడం నిజం, దాచను. కానీ ఆపరేషన్‌లో తీసిన ముక్కల్లో వెతికితే, సూది వేసి రోజులు గడిచినకొద్దీ అలాంటి కణాలు తక్కువగా కనిపిస్తాయి. పుట్టిన చోటు వదిలిన కణంలో చాలావరకు బతికే సత్తువ ఉండదు. 1970 ప్రాంతంలో ఎలుకల రక్తంలోకి నేరుగా క్యాన్సర్ కణాలు ఎక్కించి చూస్తే, వెయ్యిలో ఒకటి కూడా నిలదొక్కుకుని కొత్త గడ్డ పెట్టలేకపోయింది. సూది గుచ్చకూడని చోట్లు లేకపోలేదు. వృషణంలో గడ్డకు సంచి చర్మం గుండా సూది వేయరు. రొమ్ముకు అలాంటి నిషేధం లేదు. పైగా ఆ సూదే లేకపోతే హెర్2 సంగతి తెలిసేది కాదు, ఏ మందు వాడాలో తెలిసేది కాదు.

పాకినా ఎక్కడ పడితే అక్కడ మొలవదు. నాన్నకు ఇది బాగా అర్థమవుతుంది. ఒకే పొగాకు నారు నల్లరేగడిలో వేస్తే ఆకు ఒక తీరు, తేలిక నేలలో వేస్తే ఇంకో తీరు. 1889లోనే లండన్‌లో స్టీఫెన్ పాజెట్ అనే సర్జన్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది వివరాలు తిరగేసి ఇదే అన్నాడు. రక్తం కాలేయానికీ పోతుంది, ప్లీహానికీ పోతుంది, మరి గడ్డలు కాలేయంలోనే అంత ఎక్కువగా ఎందుకున్నాయి? విత్తనం ఒక్కటే చాలదు, నేల కుదరాలి అన్నాడు. ఆ నేల కుదరడంలో పైపొర ప్రోటీన్ల పాత్ర ఏమిటో తెలియడానికి వందేళ్లు దాటింది. 2001లో రొమ్ము క్యాన్సర్ కణాల మీద సీఎక్స్‌సీఆర్4 అనే ప్రోటీన్ ఉంటుందని, దాన్ని పిలిచే రసాయనం చంకలాంటి చోట్ల ఉండే లింఫు గ్రంథుల్లో, ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, ఎముక మజ్జలో ఎక్కువగా తయారవుతుందని చూపించారు. కణం ఆ రసాయనాన్ని వాసన పట్టినట్టు పట్టుకుని అటు పోతుంది. డాక్టరు చంక కింద నొక్కి చూడటం, స్కాన్‌లో ఊపిరితిత్తులూ కాలేయం వెతకడం ఊరికే కాదు.

కదలకుండా ఆపే మందు ఉందా అన్నావు. కదలికను మాత్రమే ఆపి, దాని బలం మీదే రొమ్ము క్యాన్సర్ నయం చేసే మందు లేదు. ప్రయత్నించారు. ఇంటెగ్రిన్ల పట్టు విడిపించే సిలెంజిటైడ్ అనే మందును మెదడు గడ్డలున్న వాళ్లకు ఇచ్చి చూశారు. ల్యాబులో బాగా ఆశపెట్టింది, 2014లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో మాత్రం ఆయుష్షు పెంచలేదు. ఎన్నో రకాల పట్లున్న కణానికి రెండు మూడు మూసేస్తే ఇంకో పట్టు దొరుకుతుంది. ఏ పట్టూ లేకపోతే కొన్ని కణాలు అమీబాలాగా ఒళ్లు నొక్కుకుని సందుల్లోంచి దూరిపోతాయి. అందుకే ఇప్పటి వైద్యం కదలికను వెంటాడటం కన్నా కణాన్నే చంపే దారి పట్టింది. ఎవరైనా పసరు తెచ్చి 'ఇది గడ్డను ఉన్నచోటే కట్టేస్తుంది' అంటే నమ్మకు. కొన్ని పసర్లు కాలేయాన్ని దెబ్బతీస్తాయి, అప్పుడు కీమో ఇవ్వడానికీ డాక్టరు వెనకాడతాడు.

ఇప్పుడు చెయ్యాల్సింది. పన్నెండు రోజుల్లో కొంప మునగలేదు. కానీ ఈ వారం దాటనివ్వొద్దు. చెన్నైలో 1954లో పెట్టిన అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, తిరుపతి ఉంది, ఒంగోలు, నెల్లూరుల్లోనూ క్యాన్సర్ డాక్టర్లున్నారు. హెర్2 వైద్యానికి దాదాపు ఏడాది పాటు మూడు వారాలకోసారి ఆస్పత్రికి తిరగాలి. పొదిలి నుంచి ప్రతిసారీ చెన్నై పోయిరాగలరా అన్నది ముందు ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోండి. ఒకసారి పెద్ద చోట చూపించి ప్లాను రాయించుకుని, ఇంజెక్షన్లు దగ్గర్లో వేయించుకునేవాళ్లు ఉన్నారు. మీ ఇంటికి నేనైతే అదే చెప్తాను.

వెళ్లేటప్పుడు కాగితం రిపోర్టు ఒక్కటే తీసుకుని పోవద్దు. పరీక్ష చేసిన ల్యాబులో అమ్మ గడ్డ ముక్కను పొదిగిన మైనం దిమ్మ (బ్లాకు), గాజు స్లైడ్లు ఉంటాయి. బ్లాకు, స్లైడ్లు కావాలని అడిగి, సంతకం పెట్టి తెచ్చుకో. అవి లేకపోతే కొత్తచోట మళ్లీ సూది అంటారు, అప్పుడు పెద్దమ్మను ఆపడం నా వల్ల కాదు. దిమ్మను ఎండలో, బస్సు కిటికీ పక్కన పెట్టకు. మైనం కరుగుతుంది.

గడ్డ సైజును బట్టి ముందు మందులు, తర్వాతే ఆపరేషన్ అనొచ్చు. హెర్2 పాజిటివ్ వాళ్లకు ఇది మామూలే. చేయి దాటిపోయింది కాబట్టి కోయడం లేదని అర్థం చేసుకోవద్దు. మందు గడ్డ మీద పనిచేస్తోందో లేదో కళ్లెదుట తెలుస్తుంది, తర్వాత కోసేదీ తగ్గుతుంది. ట్రాస్టుజుమాబ్ కొందరిలో గుండె బలాన్ని తగ్గిస్తుంది. అందుకని మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత సుమారు మూడు నెలలకోసారి ఎకో తీస్తారు. వాళ్లు మర్చిపోతే నువ్వు గుర్తుచెయ్యి. ఖర్చు విషయానికొస్తే, 2014 నుంచి మన దేశంలో తయారైన బయోసిమిలర్లు, అంటే ఆ మందుకు సాటిగా వేరే కంపెనీలు చేసినవి, దొరుకుతున్నాయి, అసలు బ్రాండు కన్నా తక్కువ ధరకే. ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఏమేం వస్తాయో ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను అడుగు. ఆ ఆస్పత్రి పథకం జాబితాలో ఉందా లేదా అన్నది చేరకముందే తెలుసుకో.

నీ మూడో ప్రశ్న. అమ్మ గడ్డలో పెరిగిన హెర్2 నకళ్లు ఆ గడ్డలో పుట్టినవి, కడుపులో నుంచి నీకు వచ్చినవి కావు. కుటుంబాల్లో నడిచే జన్యులోపాలు వేరే ఉన్నాయి. అమ్మ వైపు గానీ నాన్న వైపు గానీ రొమ్ము, అండాశయ క్యాన్సర్లు ఇంకెవరికైనా, ముఖ్యంగా చిన్న వయసులో వచ్చి ఉంటే, ఆ సంగతి డాక్టరుకు చెప్పు. లేకపోతే ఇప్పటికి అమ్మ సంగతి చూసుకో. నీకు ఎప్పటి నుంచి, ఏ పరీక్షలు కావాలో అదే డాక్టరును ఒకసారి అడిగి రాయించుకుంటే సరిపోతుంది.

ఈ ఉత్తరం నాన్నకు చదివి వినిపించు. పొగాకు నేలల గురించి నేనేమైనా తప్పు రాసి ఉంటే దిద్దమను. గుడ్డు విషయంలో మాత్రం నా మాట వినమను.